సవరణ: పళ్లికరణై చిత్తడిలో చెట్లు నాటడం గురించి

చెన్నై పళ్లికరణై చిత్తడిలో ఖాళీగా కనిపించే చోట చెట్లు నాటితే కార్బన్ ఎక్కువ నిలుస్తుందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. చిత్తడి నేలలపై ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) మార్గదర్శకాలను బట్టి చూస్తే లెక్క తిరగబడుతుంది.

అక్కడి కార్బన్‌లో ఎక్కువ భాగం మట్టిలోనే ఉంటుంది. నీళ్లు నిలిచిన బురదలోకి ఆక్సిజన్ సరిగా దిగదు, అందుకే చచ్చిన తుంగ, రెల్లు పూర్తిగా కుళ్లకుండా పొరలుగా పేరుకుంటాయి. మొక్కల కోసం కాలువ తీసి నీరు దించితే గాలి తగిలి ఆ నిల్వ కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. చెట్లు కమ్మేస్తే ఫ్లెమింగోలు మేసే లోతు తక్కువ నీళ్లూ ఉండవు.

నీళ్లుంటే మీథేన్ రాదా అని ఒకరు అడిగారు. వస్తుంది. వందేళ్ల లెక్కన కిలోకి కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు వేడెక్కిస్తుంది. మురుగు కలిస్తే మీథేన్ ఇంకా ఎక్కువ వస్తుంది, కాబట్టి ఆపాల్సింది మురుగును, నీటిని కాదు. నీటిని కమ్మే గుర్రపుడెక్క తీస్తే గట్టు మీదే వదలొద్దు. అది కుళ్లిన రసం మళ్లీ నీళ్లలోకే దిగుతుంది.

చిత్తడిలోకి పాకే ముళ్ల చెట్టు సర్కారు తుమ్మను మాత్రం తీయాల్సిందే, అదీ వేరుతో సహా. మొదలు మిగిలితే మళ్లీ చిగురిస్తుంది.