ప్లానింగ్ అనే ప్రమాదం

కుళాయిలో నీళ్లు రావట్లేదా, ఆ నీళ్లిచ్చే సర్కారు సంస్థను ప్రైవేటుకు అమ్మెయ్యండి. కరెంటు పోతోందా, కరెంటు సంస్థనూ అమ్మెయ్యండి. తిరుపతిలో ఎవర్ని కదిపినా చెప్పే ఈ పరిష్కారానికి నా పూర్తి మద్దతు ఉంది, ఎందుకంటే రెండో దారి మరీ భయంకరం. దాని పేరు ప్లానింగ్.

అదెంత ప్రమాదమో చూడాలంటే కొండెక్కాలి. 2024 ఆగస్టులో వానలు సరిగా పడక తిరుమల డ్యాముల్లో నీళ్లు తగ్గితే టీటీడీ ఏం చేసింది? రోజుకు 43 లక్షల గ్యాలన్లు వాడుతున్నాం, అందులో 18 లక్షలు కొండమీది డ్యాములవి, మిగతావి కింద కల్యాణి డ్యామువి, ఉన్న నీళ్లు 120, 130 రోజులకు సరిపోతాయి, చూసి వాడుకోండి అని ముందే లెక్క చెప్పేసింది. ఇదేం పద్ధతండీ? పూర్తిగా అయిపోయాక ట్యాంకర్లకు పరిగెత్తి, నాలుగు రోజులు అందరికీ టెన్షన్ పెడితే కదా పాలన అనిపించుకునేది!

ఆ జబ్బు కిందికి దిగకుండా చూసుకోవాలి. ఏ వీధిలో ఏ పైపు ఎప్పుడు వేశారు, ఎక్కడ కారుతోంది, పదేళ్లకు ఊరు ఎంత పెరుగుతుంది అని ఎవరైనా రాసిపెట్టి, రాసినట్టే చేశారనుకోండి, సంస్థ బాగుపడిపోతుంది. బాగుపడ్డదాన్ని చవగ్గా అమ్మేదెలా? అందుకని లైన్‌మన్ రిటైరైతే ఆ పోస్టు ఖాళీగానే ఉంచాలి, సర్కారు ఆఫీసుల కరెంటు బిల్లులు కట్టకూడదు, సబ్సిడీ డబ్బులు నెలల తరబడి ఆపాలి, ఆపి ఆపి చివర్లో 'చూశారా, నష్టాలు' అని నిట్టూర్చాలి (ఈ నిట్టూర్పు బాగా రావాలి, ప్రాక్టీసు చేయండి).

ఒడిశా మనకు గురువు. 1999లో కరెంటు పంపిణీని ప్రైవేటుకిచ్చింది, ఆ అక్టోబరులోనే పెద్ద తుపాను వచ్చి స్తంభాలు కూలాయి, తర్వాత ఒక కంపెనీ వదిలేసి వెళ్లిపోయింది, మిగతా మూడు కంపెనీల లైసెన్సులను 2015లో అక్కడి విద్యుత్ నియంత్రణ కమిషనే రద్దు చేసింది. అయినా వెనకడుగు వేయకుండా మళ్లీ ప్రైవేటుకే అప్పగించారు. పారిస్ వాళ్లకు అంత పట్టుదల లేదు, 2010లో నీళ్ల సరఫరాను కార్పొరేషన్ చేతికే తెచ్చేసుకున్నారు.

ఇంతకీ ఒడిశాలో ఈసారి ఇచ్చిన లైసెన్సు 25 ఏళ్లకు. అమ్మేటప్పుడు 25 ఏళ్లు ముందుకు చూసే కళ్లకు, మన ఊళ్లో వచ్చే ఎండాకాలం ఎందుకు ఆనదని మా వీధిలో ఒక రిటైర్డ్ లైన్‌మన్ అడుగుతున్నాడు. కొనేవాడితో రాసుకునే ఒప్పందంలో ఇలాంటి ప్రశ్నలకు ఫైన్ వేసే అధికారం కూడా చేర్చాలని ప్రభుత్వానికి నా వినతి.