మెట్లెక్కిన వాయుగుండం

మొన్న కార్తీక పౌర్ణమి సాయంత్రం హైదరాబాదులో ఒకే ఒక్క అపార్ట్‌మెంట్ మీద వాయుగుండం పట్టింది. వాతావరణ శాఖకు తెలియదు, ఉపగ్రహానికి కనపడలేదు. తెలిసింది నాకూ, నా మాట నమ్మిన అసోసియేషన్ సెక్రటరీ గారికీ.

టెర్రస్ మీద సామూహిక సత్యనారాయణ వ్రతం. షామియానా వేశారు, కుర్చీలు వేశారు. "వాన పడదు కదండీ?" అని సెక్రటరీ గారు నన్నడిగారు. "పడదండీ" అంటే అయిపోయేది. కానీ వాతావరణ పిచ్చి ఉన్నవాణ్ణి వాన గురించి అడిగితే ఒక్క ముక్కలో జవాబొస్తుందా?

పైగా నాలుగు రోజులుగా వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కకట్టే అమెరికా వాళ్ళ జీఎఫ్‌ఎస్ మోడల్ బంగాళాఖాతంలో ఒక తుఫానును చూపిస్తోంది. ఆ మోడల్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది, 384 గంటలు, అంటే 16 రోజుల దాకా లెక్క కడుతుంది. పదో రోజు దాటాక అది చూపే తుఫాను మన దూరపు చుట్టం లాంటిది. పొద్దుటి రన్‌లో మచిలీపట్నం వస్తానంటుంది, మధ్యాహ్నానికి బర్మా వెళ్తుంది, రాత్రికి అసలు పుట్టనే లేదంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ నాలుగు రన్‌లూ చూస్తాను.

ఇక నా ఫోనులో బారోమీటర్ ఉంది. అన్ని ఫోన్లలో ఉండదు. ఉన్నవాటిలో అది మిరియపు గింజంత చిప్. గాలి పీడనాన్ని మిల్లీబారులో వందో వంతు దాకా చూపిస్తుంది. అసలు ఆ చిప్‌ను ఫోనులో పెట్టేది మనిషి ఎంత ఎత్తులో, ఎన్నో అంతస్తులో ఉన్నాడో కనిపెట్టడానికి. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మా లిఫ్టు పాడై పదకొండు రోజులైంది. "మెకానిక్ వస్తున్నాడు" అని సెక్రటరీ గారు అంటూనే ఉన్నారు. ఈయన మెకానిక్కూ, జీఎఫ్‌ఎస్ తుఫానూ ఒకే రకం. పొద్దున పదింటికి అరటాకులు, పూలు మోసుకొచ్చి, ఐదంతస్తులు ఎక్కబోయే ముందు సెల్లార్లో నిమిషం నిలబడి ఫోను చూశాను. 952.1.

కొత్తవాళ్ళు ఈ అంకె చూస్తే గుండె జారిపోతుంది. పీడనం ఎంత తగ్గితే తుఫాను అంత గట్టిది. 2014లో విశాఖను పీకి పందిరేసిన హుద్‌హుద్ కేంద్రంలో పీడనం 950 దాకా దిగింది మరి. కానీ అది సముద్రమట్టం లెక్క. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ మామూలు రోజునే 60 దాకా తక్కువ చూపిస్తుంది. ఆ 60 కలుపుకుంటే 1012, శుభ్రమైన వాతావరణం. ఇదంతా నాకు తెలుసు. ఊరంత ఎత్తుకు లెక్క తెలిసినవాణ్ణి, ఐదంతస్తులకు మరిచిపోయాను.

సాయంత్రం నాలుగింటికి టెర్రస్ మీద చూస్తే 946.4. ఆరు గంటల్లో 5.7 పడిపోయింది!

ఉష్ణమండల సముద్రాల్లో నావికులకు ఒక పాత సూత్రం ఉంది. ఆ కాలానికి ఉండాల్సిన సగటు కన్నా పీడనం 3 మిల్లీబార్లు తగ్గితే అనుమానించాలి, 5 తగ్గితే తుఫాను దగ్గర్లో ఉన్నట్టే. ఆ సూత్రానికి ఒక తోక కూడా ఉంది, దాని సంగతి తర్వాత. నాకు మాత్రం ఆ క్షణంలో 5 ఒక్కటే గుర్తొచ్చింది.

"పీడనం పడిపోతోందండీ" అన్నాను. ఈ మాట అనేటప్పుడు గొంతు దానంతటదే రేడియో గొంతవుతుంది.

సెక్రటరీ గారు ఆకాశం వంక చూశారు. నీలంగా ఉంది. "గాలి కూడా లేదేమండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. వాయుగుండం అని పిలవాలంటేనే గంటకు 31 నుంచి 50 కిలోమీటర్ల గాలి ఉండాలి, తుఫాను అంటే 62 దాటాలి. షామియానా అంచు కుచ్చులు కూడా కదలడం లేదు. గాలికి వీపు పెట్టి నిలబడితే మన అర్ధగోళంలో అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. వీపు పెడదామంటే గాలేదీ? "ముందు ఇలాగే ఉక్కగా ఉంటుందండీ" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. గోడల మధ్య సరైన రీడింగ్ రాదేమోనని, ఇంకాస్త కచ్చితంగా చూద్దామని వాటర్ ట్యాంకు ఇనప నిచ్చెన ఎక్కాను. ఒక చేత్తో కమ్మీ, ఒక చేతిలో ఫోను. మొదటి మెట్టు ఎక్కి చూశాను. 946.37.

"ఎంతండీ?" అని కింద నుంచి సెక్రటరీ గారు.

"ముప్ఫై ఏడు. తగ్గింది."

రెండో మెట్టు, 946.34. మూడో మెట్టు, 946.30. గాలి స్థిరంగా ఉంది కాబట్టి అంకె కూడా అటూ ఇటూ ఊగకుండా, బావిలోకి చేద దించినట్టు నిదానంగా దిగుతోంది. పంచాంగ శ్రవణం మాదిరి నేను పైనుంచి చదువుతున్నాను. ఆయన వ్రతం చందాల పుస్తకం వెనక పేజీలో రాసుకుంటున్నారు. ఐదో మెట్టు మీద చెయ్యి నొప్పెట్టి కాసేపు ఆగాను. అప్పుడు అంకె కూడా ఆగింది. "కాస్త నిలకడగా ఉంది" అని బులెటిన్ ఇచ్చాను. మళ్ళీ ఎక్కాను, మళ్ళీ పడింది. "ఇదిగో, మళ్ళీ మొదలైంది!" అని అరిచాను. నా కాళ్ళకీ ఆ అంకెకీ ఉన్న చుట్టరికం నాకు తట్టలేదు, ఫిజిక్సులో పీజీ చేశానని నెలకోసారి చెప్పుకునే ఆయనకూ తట్టలేదు. పదో మెట్టు మీద 946.08. పైన ట్యాంకు మూత మీద కాకి కూర్చుని ఉంది. నన్ను చూసి అదైనా లేచిపోయింది.

నేను దిగేసరికి షామియానా వాళ్ళు తాళ్ళు విప్పుతున్నారు.

దిగేటప్పుడు ఫోను చూసుకుంటూ దిగి ఉంటే అంకె ఎక్కడం కనపడేది. జేబులో పెట్టుకున్నాను. బయటికి తీసింది కాకినాడలో ఉన్న మా బావమరిదికి ఫోను చెయ్యడానికి.

"బావా, పొద్దున ఎక్కడ చూశావు?"

"సెల్లార్లో."

"ఇప్పుడు?"

"ట్యాంకు మీద."

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత వాళ్ళావిణ్ణి పిలిచి స్పీకరు పెట్టడం వినపడింది. "బావా, మళ్ళీ చెప్పు."

లెక్క ఇదీ. సముద్రమట్టం దగ్గర సుమారు ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కితే ఒక మిల్లీబారు తగ్గుతుంది. హైదరాబాదు ఎత్తులో గాలి కాస్త పలచన కాబట్టి తొమ్మిది మీటర్ల పైచిలుకు. సెల్లారు నుంచి టెర్రస్‌కు పద్దెనిమిదిన్నర మీటర్లు. అంటే 2 మిల్లీబార్లు మెట్లవి. నిచ్చెన పది మెట్లు, మెట్టుకు ఒక అడుగు చొప్పున, 0.32. నేనే ఎక్కాను, నేనే దించాను.

మిగిలిన 3.7 సూర్యుడిది. అదే ఆ సూత్రం తోక: "రోజువారీ ఊపు తీసేశాక". పైన ఓజోనూ కింద నీటిఆవిరీ ఎండను పీల్చుకుని వేడెక్కడం వల్ల వాతావరణమంతా రోజుకు రెండుసార్లు ఉయ్యాల ఊగుతుంది. పీడనం పొద్దున పదింటికీ రాత్రి పదింటికీ ఎక్కువ, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తక్కువ. మన దగ్గర ఈ తేడా మూడు, నాలుగు మిల్లీబార్లు ఉంటుంది. చలిదేశాల్లో అంత ఉండదు, అందుకే వాళ్ళ బారోమీటర్ సూత్రాలు తెచ్చి ఇక్కడ వాడితే రోజూ సాయంత్రం తుఫానే. చూడాల్సింది ఇవాళ నాలుగింటికి ఎంత, నిన్న నాలుగింటికి ఎంత అని. అదే చోట, అదే ఎత్తులో, ఫోను అదే బల్ల మీద పెట్టి. యాప్‌లో నిన్నటి గీత ఉంది. ఇంట్లో బల్ల మీదే ఉన్న ఫోను, నిన్న కూడా పదికీ నాలుగుకీ మధ్య 3.6 పడింది. ఆ గీత నేను రాత్రి చూశాను.

వ్రతం సెల్లార్లో కార్ల మధ్య జరిగింది. కుర్చీలు మెట్ల మీదుగా మోశారు, లిఫ్టు లేదు కదా. హారతి పళ్ళెం 302 వాళ్ళ బంపరుకు తగిలింది. ప్రసాదం తీసుకుని జనం బయటికొస్తే వెన్నెల పిండారబోసినట్టుంది, మబ్బు తునక లేదు. రాత్రి పదింటికి సెల్లార్లో పొద్దున నిలబడ్డ చోటే నిలబడి చూశాను. 951.8. అప్పటికి సెక్రటరీ గారు గ్రూపులో "503 వారు బలవంతం చేయడంతో" అని మొదలుపెట్టి ఒక వివరణ పెట్టారు. బలవంతమట! పుస్తకం పెన్నుతో సహా రాసుకున్నది ఆయన. లిఫ్టు బాగుంటే నేను సెల్లార్లో ఆయాసం తీర్చుకోవడానికి ఆగేవాణ్ణీ కాదు.

ఇవాళ పొద్దున మెయింటెనెన్స్ బిల్లు తలుపు కింద నుంచి తోశారు. షామియానా విప్పినందుకు, కుర్చీలు దించినందుకు కూలి 1,800, మొత్తం నా ఫ్లాటు మీదే వేశారు. వివరం గడిలో "తుఫాను నష్టం" అని ఉంది.