అండమాన్ పోయి విజిల్ చూసొచ్చినం

పాలమూరు నుంచి అంత దూరం పోయి ఏం చూసినవ్ రా అంటే ఏం చెప్పాలె? మా సార్ నోట్ల విజిల్ చూసిన. బస్సెక్కితే హాజరు, దిగితే హాజరు, ఆఖరికి ఓడల గూడ హాజరే. సముద్రం నడిమిట్ల యాడికి పారిపోతం సార్?

సెల్యులార్ జైలు, ఇంగ్రేజోళ్ల కాలం నాటిది. 1906ల కట్టుడు అయిపోయింది, రెక్కల లెక్క ఏడు బిల్డింగులుంటే ఇప్పుడు మిగిలినయి మూడే. ఖైదీలతోని గానుగ తిప్పిచ్చి నూనె తీపిచ్చిన జాగ అది. ఆ గానుగ కాడ జరసేపు నిలవడనిస్తే గద! "జరుగు జరుగు, గ్రూపు ఫొటో!" ఉరికంబం కాడ రెండు వేళ్లు సూపిచ్చుకుంట సెల్ఫీ దిగిండొకడు. సిగ్గుండొద్దా?

రాధానగర్ బీచ్ల ఇసుక పిండి లెక్క మెత్తగుంది. అల వెనక్కి పోతుంటే కాళ్లకింది ఇసుకను గుంజుకపోతది, మస్తనిపిస్తది. మోకాళ్లదాక దిగినమో లేదో, విజిల్! చలికాలం అక్కడ అయిదింటికే పొద్దుగుంకుతది. దేశానికి తూర్పున ఉన్నా గడియారం మనదేనాయె. గీ ముచ్చట టూర్ పెట్టేటోళ్లకు తెల్వదా? మరి పొద్దుగాలంత హోటల్ల ఇడ్లీల కోసం లైన్ల నిలవెట్టుడెందుకు?

పగడాలు తేవద్దురా అంటే వింటరా? ఎవడో సంచిల దాస్తే ఎయిర్‌పోర్టుల అందరం ఆగినం.

ఇప్పుడు "మీ అనుభూతులు" రాసియ్యాలెనంట, దానికీ మార్కులేనంట. రాస్తం గని, టూర్ పైసల్ల మిగిలినయి వాపస్ ఎప్పుడిస్తరు సార్?