పెద్ద చక్రాలతో మైలేజీ పెరుగుతుందా? ఒక ప్రచారానికి ఖండన

కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి, ఒక అంగుళం పెద్ద రిమ్ములూ వెడల్పాటి టైర్లూ వేయిస్తే కారు ఎత్తు పెరుగుతుందనీ, ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం వెళ్తుంది కనుక మైలేజీ పెరుగుతుందనీ, వానలో పట్టు బాగుంటుందనీ, స్పీడోమీటరుకు ఏ తేడా రాదనీ, కంపెనీలు ఖర్చు మిగుల్చుకోవడానికే చిన్న టైర్లు వేస్తాయనీ చెప్పే సందేశం కార్ల యజమానుల మధ్య విస్తృతంగా తిరుగుతోంది. దీన్ని నమ్మి వేల రూపాయలు ఖర్చు పెడుతున్నవారు ఉన్నారు కనుక ప్రతి మాటనూ లెక్క కట్టి చూడవలసిందే.

మొదటిది ఎత్తు. టైరు మీద 185/65 ఆర్15 అని ఉంటే దాని వెడల్పు 185 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ (రిమ్ముకూ రోడ్డుకూ మధ్య కనిపించే టైరు పక్క భాగం) ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు అని అర్థం. ఈ లెక్కన చక్రం మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. దీని స్థానంలో సాధారణంగా సూచించే 195/55 ఆర్16 వ్యాసం 620.9 మిల్లీమీటర్లు. రిమ్ము అంగుళం పెరిగినా ఆ మేరకు సైడ్‌వాల్ తగ్గింది, కారు ఎత్తు మాత్రం ఉన్నచోటే ఉంది. నిజంగా ఎత్తు పెరగాలంటే 205/65 ఆర్15 వంటి పెద్ద టైరు వేయాలి. వ్యాసం 26 మిల్లీమీటర్లు పెరిగినా కారు లేచేది అందులో సగం, అంటే 13 మిల్లీమీటర్లే. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడో, గుంతలో దిగినప్పుడో ఆ టైరు చక్రం గూడు లోపలి లైనింగుకు రాసుకునే ప్రమాదం కూడా ఉంటుంది.

మైలేజీ గురించి, స్పీడోమీటరు గురించి చెప్పిన మాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీటరు కొలిచేది దూరాన్ని కాదు, చక్రాలు తిరిగే చుట్లను. ఒక్కో చుట్టుకు దూరం పెరిగితే మీటరు తప్పు చూపించక తప్పదు. పైన చెప్పిన పెద్ద టైరుతో, మీటరు అదే అంకె చూపుతున్నా కారు అసలు వేగం మునుపటి కంటే 4 శాతం ఎక్కువగా ఉంటుంది. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 చెబుతుంది. అందుకే తయారీదారులు దాన్ని కాస్త ఎక్కువ చూపేలా అమరుస్తారు. ఆ వెసులుబాటును పెద్ద టైరు తినేస్తుంది. కారు నడిచిన మొత్తం దూరం చూపే ఓడోమీటరు కూడా అంతే: 1,000 కిలోమీటర్లు నడిస్తే 960 మాత్రమే నమోదవుతుంది. మైలేజీ విషయానికొస్తే, హైవే మీద ఇంజిన్ చుట్లు కాస్త తగ్గే మాట నిజమే. అయితే గేర్లన్నీ బరువెక్కినట్టవుతాయి, ఘాట్ రోడ్డులో ఒక గేరు ముందుగానే దించాల్సి వస్తుంది. బరువైన చక్రాన్ని ప్రతి సిగ్నల్ దగ్గరా కదిలించడానికీ ఆపడానికీ శక్తి అదనంగా ఖర్చవుతుంది. పెద్ద టైరు వెడల్పాటిది కూడా అయితే గాలి నిరోధమూ పెరుగుతుంది.

వానలో పట్టు గురించిన మాట నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది, ఎందుకంటే ఇది ప్రాణాలకు సంబంధించినది. పొడి రోడ్డు మలుపుల్లో వెడల్పాటి టైరు మేలు చేయగలదని ఒప్పుకుంటాను. నీరు నిలిచిన రోడ్డు మీద మాత్రం అది తన ముందున్న నీటిని ఎక్కువ మోతాదులో తొలగించాలి, తొలగించలేకపోతే రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది. వానలో కాపాడేవి గాడుల లోతు, సరైన గాలి, తగ్గించిన వేగం.

కంపెనీల ఖర్చు మాటలో కొంత నిజముంది. చిన్న ఉక్కు రిమ్ము చవకే. కానీ 2018 తరం స్విఫ్ట్‌లో దిగువ వేరియంట్లకు ఇచ్చిన 165/80 ఆర్14 వ్యాసం 619.6, పై వేరియంట్ల 185/65 ఆర్15 వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. డబ్బు మిగుల్చుకున్నచోట కూడా వ్యాసం 2 మిల్లీమీటర్లు దాటి మారలేదు.

ఆ సందేశం అసలు ప్రస్తావించనిది బరువు మోసే సామర్థ్యం. 185/65 ఆర్15 టైరు మీద కొలత పక్కనే సాధారణంగా ఉండే 88 అంకెకు అర్థం ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని. 195/55 ఆర్16లో ఎక్కువగా దొరికే 87 అంకెకు అది 545 కిలోలు. సైడ్‌వాల్ కూడా 120 నుంచి 107 మిల్లీమీటర్లకు తగ్గుతుంది కనుక, ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామానుతో గుంతలో పడ్డ కారులో ఆ దెబ్బ త్వరగా రిమ్ముకు చేరుతుంది. టైర్ల దుకాణంలో డిజైను చూసే ముందు ఈ అంకెను, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద కంపెనీ అనుమతించిన కొలతలను చూడండి.