బోర్డు లేని ఇంట్లో బీమా ఏజెంటు: ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

నెల రోజులుగా తెనాలిలో నేనున్న వాట్సాప్ గ్రూపులన్నింట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో, మా అమ్మాయి స్కూలు తల్లుల గ్రూపులో, చివరికి మా పుట్టింటివాళ్ల గ్రూపులో కూడా. "ఇంట్లో కూర్చుని పాలసీలు అమ్మే ఏజెంట్ల దగ్గర బీమా చేయించుకోకండి" అని పైన పెద్ద అక్షరాలు. కింద ఐదు కారణాలు. వాళ్లకు ఆఫీసుండదు కాబట్టి జవాబుదారీ ఉండదట. ప్రీమియం వాళ్ల చేతిలో పెడితే అంతే సంగతులట. తప్పదనుకుంటే మొదటి ఏడాది కమిషన్ వెనక్కి ఇమ్మనాలట. మన కాగితాలు వాళ్లింట్లో ఎవరి కంట పడతాయో తెలియదట. క్లెయిమ్ రోజున ఫోనెత్తరు కాబట్టి ఆన్‌లైన్‌లో కొనుక్కోవడమే మేలట.

నేనూ బీమా ఏజెంటునే, పదకొండేళ్లుగా మా హాల్లోని చెక్క బల్లే నా ఆఫీసు. మా పిన్ని కూతురు ఆ మెసేజ్ పంపి, "అక్కా, నిన్ను కాదులే" అని కింద రాసింది. నన్ను వదిలేసినంత మాత్రాన ఊరుకోలేను. అందులో రెండు మాటలు నిజం, ఒకటి చట్టవిరుద్ధం, మిగతావి సగం సగం. విడదీసి చెప్పకపోతే నష్టపోయేది చదివినవాళ్లే.

"ఆఫీసు లేదు, జవాబుదారీ లేదు."

ఈ భయం ఊరికే పుట్టలేదు. మన వైపు ఏజెంటన్న మాటకు చెడ్డపేరు తెచ్చినవి డిపాజిట్ల కంపెనీలు. అగ్రిగోల్డ్ చెల్లింపులు ఆగిపోయినప్పుడు ఇరుక్కుపోయినవాళ్లు సుమారు 32 లక్షల మంది. తెలిసిన ముఖమని, పక్కింటి మనిషని నమ్మి కట్టినవాళ్లు వాళ్లలో ఎందరో. ఆ ఏజెంట్లలోనూ చాలామంది మునిగిపోయారు, ఊళ్లో తలెత్తుకోలేకపోయారు. అయితే ఆ కంపెనీకి ఆఫీసులు లేకనా? ఊరూరా ఉన్నాయి, బోర్డులూ ఉన్నాయి.

బీమా ఏజెంటును నిలదీయడానికి గది అక్కర్లేదు. పరీక్ష పాసై, కంపెనీ నియామక పత్రం ఇచ్చాకే మేం పాలసీ మాట ఎత్తాలి. గుర్తింపు కార్డు చూపించాలి, అడిగితే ఆ నియామక పత్రమూ చూపించాలి. ఇది 2016 నాటి ఏజెంట్ల నియామక నిబంధనల్లో రాసి ఉన్న ప్రవర్తనా నియమావళి. బీమా కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ ఏజెన్సీ పోర్టల్‌లో ఏజెంటు వివరాలు వెతికి చూసుకోవచ్చు. నేనైతే కొత్త ఇంటికి వెళ్తే మంచినీళ్లు తాగేలోపే కార్డు బల్ల మీద పెడతాను. అడిగేదాకా ఆగితే అడగడానికి మొహమాటపడతారు, మనవాళ్ల సంగతి తెలిసిందే కదా.

ఎల్‌ఐసీ ఒక్కదానికే 14 లక్షలకు పైగా ఏజెంట్లున్నారు. 2024 డిసెంబరులో మొదలైన బీమా సఖి పథకం పదో తరగతి చదివిన ఆడవాళ్లనే ఈ పనిలోకి పిలిచింది. వాళ్లందరూ మెయిన్ రోడ్డులో గది అద్దెకు తీసుకుంటేనే నమ్మదగినవాళ్లవుతారంటే, ఆ నమ్మకం అద్దె కట్టగలిగినవాళ్లకే దక్కుతుంది.

"ప్రీమియం ఏజెంటు చేతిలో పెట్టకండి."

ఈ మాట అక్షరాలా నిజం. కాకపోతే ఇంటి ఏజెంటుకే అంటగట్టడం తప్పు, ఏసీ గదిలో కూర్చున్న ఏజెంటుకైనా ఇదే వర్తిస్తుంది. ఒకాయన ఆరు నెలల ప్రీమియం చెక్కు ఎల్‌ఐసీ ఏజెంటు చేతికిచ్చాడు. అప్పటికే గడువు దాటి పాలసీలు ల్యాప్స్ అయ్యాయి, అంటే రక్షణ ఆగిపోయింది. ఏజెంటు ఆ డబ్బు ఎల్‌ఐసీలో వెంటనే జమ చేయలేదు, ఈలోగా ఆయన ప్రమాదంలో పోయాడు. కుటుంబం సుప్రీంకోర్టు దాకా పోరాడింది. ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంటుకు లేదు కాబట్టి అతనికిచ్చినది ఎల్‌ఐసీకి ఇచ్చినట్టు కాదని 1997లో కోర్టు తేల్చింది. ఆ తీర్పు సంగతి మాకు శిక్షణలో ఒక సీనియర్ చెప్పారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వసూలుకు ప్రత్యేకంగా అనుమతి పొందిన ఏజెంట్లు కొందరున్నారు, వాళ్లయినా అక్కడికక్కడే కంపెనీ రసీదు ఇవ్వాలి. నాకు ఆ అనుమతి లేదు. మా వీధి చివర టిఫిన్ బండి నడిపే పెద్దావిడ ప్రతిసారీ నోట్లు మడిచి నా చేతిలో పెట్టబోతుంది. "నువ్వే కట్టేయమ్మా, నీ మీద నమ్మకం లేకనా?" అంటుంది. "నమ్మకం ఉంది కాబట్టే తీసుకోనత్తా, పద బ్రాంచికి" అని బండెక్కించుకుని క్యాష్ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్తాను. రసీదు మీద పాలసీ నంబరు, పేరు చదివి వినిపించాకే ఇంటికి. నాకు ఒక పూట పోతుంది. పోనీ. ఏడాది కట్టైనా, అర్ధ సంవత్సరం కట్టైనా, మూడు నెలల కట్టైనా గ్రేస్, అంటే తేదీ దాటాక కట్టడానికిచ్చే గడువు, 30 రోజులు, నెల నెలా కట్టేదానికి 15 రోజులు. ఆ తేదీలు నా డైరీలోనూ ఉంటాయి, వాళ్ల క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతోనూ ఉంటాయి.

"కమిషన్ వెనక్కి ఇవ్వమనండి."

ఇది చట్టవిరుద్ధం. 1938 బీమా చట్టం సెక్షన్ 41 కింద ఏజెంటు కమిషన్‌లో వాటా ఇవ్వడమూ తప్పే, పాలసీదారు పుచ్చుకోవడమూ తప్పే. జరిమానా 10 లక్షల రూపాయల వరకు. పాలసీ కోసం మీరు సంతకం పెట్టే దరఖాస్తు, అదే ప్రపోజల్ ఫారం మీదే ఈ సంగతి అచ్చువేసి ఉంటుంది. ఈ పాలసీ మీద మీకెంత వస్తుందని అడగండి, అడిగితే చెప్పాలని మా నియమావళిలోనే ఉంది. నేను చెబుతాను. సగం ఇమ్మంటే మాత్రం లేచి వస్తాను. వెనక్కి ఇచ్చేసినవాళ్లకు రెండో ఏడాది మీ గడప తొక్కడానికి కారణం ఏం మిగులుతుంది?

"మీ కాగితాలు ఎవరి కంట పడతాయో."

ఈ ఐదింటిలో నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. ఈ అనుమానం న్యాయమైనది. ఎవరికి షుగరుందో, ఎవరు పాలసీ మీద లోను తీసుకున్నారో, ఏ ఇంట్లో భర్త నామినీగా భార్య పేరు కాక తల్లి పేరు రాయించాడో నాకు తెలుసు. వాళ్లంతా నాతో పెళ్లిళ్లలో పక్క పక్కన కూర్చుని భోంచేసేవాళ్లే. బ్యాంకు గుమస్తాకు ఈ ఇబ్బంది ఉండదు, సాయంత్రమైతే తలుపేసి వెళ్లిపోతాడు.

మొదటి ఏడాదే తప్పు చేశాను. ఒకావిడకు ధైర్యం చెబుతున్నాననుకుని, "మీ తోటికోడలు కూడా తీసుకున్నారుగా" అనేశాను. ఆ తోటికోడలు ఎవరికీ చెప్పొద్దనుకున్న పాలసీ అది. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆమెదే న్యాయం. అప్పటినుంచి ఒకరి పాలసీ సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తను, మా ఆయన దగ్గర కూడా. రిపోర్టులు తాళమున్న బీరువాలో ఉంటాయి, పని అయిపోగానే తిరిగి ఇచ్చేస్తాను. ఫోన్లోకి వచ్చిన ఆధార్ ఫోటోలు అప్‌లోడ్ అయిన రోజే తీసేస్తాను. ఎవరైనా జబ్బు సంగతి చెప్పాలనుకుంటే మా పిల్లలున్న హాల్లో వద్దు, నేనే వాళ్లింటికి వెళ్తాను. మీ ఏజెంటు ఇలా చేయకపోతే అడగండి. మీ దగ్గర కూర్చుని ఊళ్లోవాళ్ల పాలసీలన్నీ ఏకరువు పెడుతుంటే ఆ మనిషి దగ్గర సంతకం పెట్టకండి.

"క్లెయిమ్ రోజున ఫోనెత్తరు."

ఎత్తనివాళ్లున్నారు. క్లెయిముకు కావలసిన కాగితాల విషయంలో కుటుంబానికి సాయం చేయడం మా విధుల్లో ఒకటి. అయితే ఫోనెత్తడం కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. క్లెయిమ్ చిక్కుల్లో పడేది చాలాసార్లు ప్రపోజల్ ఫారం నింపిన రోజునే.

నాకు బాబాయి వరసయ్యే ఒకాయన పాలసీకి సిద్ధపడి, "షుగర్ సంగతి రాయకమ్మా, టెస్టులంటారు, ప్రీమియం పెంచుతారు" అన్నారు. బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం, దాచిన జబ్బు పాలసీ మొదలైన మూడేళ్లలోపు బయటపడితే కంపెనీ పాలసీని ప్రశ్నించవచ్చు, మూడేళ్లు దాటాక కుదరదు. "ఆ మూడేళ్లలో మీకేమైనా అయితే నేను పిన్ని ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడను బాబాయ్?" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, ఇంకెక్కడో చేయించుకున్నారు. నా అమ్మకం పోయింది. ఏడాది తిరక్కుండా పిన్ని తన చెల్లెల్ని నా దగ్గరికి పంపింది, "ఉన్నదున్నట్టు రాస్తుంది, వెళ్లు" అని చెప్పి.

ఆరోగ్య బీమాలో అయితే గంటల లెక్క. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) కోరితే గంటలో జవాబివ్వాలని, డిశ్చార్జి బిల్లు మూడు గంటల్లో తేల్చాలని ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. మూడు గంటలు దాటిన ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే భరించాలి. గుంటూరులో ఒక ఆసుపత్రి కౌంటర్ దగ్గర రాత్రి పదకొండింటికి నిలబడి ఈ మాట చెప్పాల్సి వచ్చింది. ఆ ఇంటివాళ్లకు నియమం తెలియక కాదు, ఐసీయూ బయట అది గుర్తొచ్చే స్థితిలో లేరు.

ఆన్‌లైన్‌లో కొనడం తప్పేమీ కాదు. ఫారం చదివి నింపగలిగి, రేపు క్లెయిముకు తిరగగల మనిషి ఇంట్లో ఉంటే టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బు వచ్చేది) నేరుగా కొనుక్కోమని నేనే చెబుతాను. బ్యాంకులో కేంద్ర ప్రభుత్వ బీమా పథకాలు, ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్ష ముందు చేయించుకోమంటాను, వాటిలో నాకు పైసా రాదు. బాండు వచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చని కూడా నేనే చెబుతాను. ఇలా చెప్పి పోగొట్టుకున్న పాలసీలున్నాయి.

ఆ మెసేజ్‌లో లేని ప్రశ్న ఒకటి మా అమ్మాయి అడిగింది. "అమ్మా, నీకే ఏమైనా అయితే వాళ్ల సంగతేంటి?" అని. అందుకే బాండుతో పాటు ప్రతి ఇంటికీ పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసిస్తాను, బీరువా తలుపు లోపలివైపు అంటించమంటాను. పాలసీ నంబరు, నామినీ పేరు, ప్రీమియం తేదీ, బ్రాంచి ఫోను. కంపెనీ వినకపోతే ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేసే ఫోను 155255. అక్కడా తేలకపోతే పాలసీదారుల ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారి, హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్. రెండు రాష్ట్రాలకూ ఆయనే, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు తీర్పివ్వొచ్చు. నా నంబరు అన్నిటికంటే కింద రాస్తాను.