కోట చూడ్డానికి గైడెందుకు మావయ్యా?

సంక్రాంతికి విజయనగరం వచ్చిన మేనకోడలు కోటనీ పాత ఊరినీ కాలినడకన చూస్తానంది. మావయ్య వెంటనే, ఊళ్లోనే పుట్టి పెరిగిన ఓ పెద్దాయన్ని తోడు పంపుతానన్నాడు. గొడవ అక్కడ మొదలైంది.

మేనకోడలు: కోట ఒక్కో పక్క సుమారు 240 మీటర్లు. చుట్టూ తిరిగొచ్చినా కిలోమీటరు దాటదు. పైగా గోడ కోటకే, ఊరంతా దాని బయట ఉంది. తప్పిపోతానని టెన్షనా నీకు?

మావయ్య: తప్పిపోవు. ఉత్త గోడ చూసుకుని వచ్చేస్తావు, అదీ నా బెంగ. తూర్పున నగారాఖానా ఉంది. పెద్దవాళ్లెవరైనా వస్తున్నా, రాజుగారి హుకుం ఊరికి చాటాలన్నా దాని మీద నగారా మోగించేవారు. పడమటి గుమ్మం గుండా రాజుల శవయాత్రలు వెళ్లేవట. ఏ గుమ్మం దేనికో చెప్పేవాళ్లు ఉండాలి కదా?

మేనకోడలు: అదంతా ఫోన్లో దొరుకుతుంది. కానీ మీ పెద్దాయన చెప్పేవాటిలో నిజమెంతో మాత్రం ఫోను చెప్పదు. అయిదు విజయాలు కలిసొచ్చిన రోజున కోటకి శంకుస్థాపన చేశారంటాడు కదా? విజయ సంవత్సరం, విజయదశమి, జయవారమనే మంగళవారం... వినడానికి బావుంటుంది.

మావయ్య: లెక్క వేసి చూడు. మొన్నటి విజయ నామ సంవత్సరం 2013లో వచ్చింది. అరవయ్యేళ్ల చొప్పున అయిదుసార్లు వెనక్కి వెళ్లు.

మేనకోడలు: 1713. కోట కట్టిన సంవత్సరమే. సరే, సంవత్సరం కుదిరింది. అంతమాత్రాన వారం కూడా కుదిరినట్టేనా?

మావయ్య: కాదు. ఆయన్నే అడుగు.

మేనకోడలు: అడిగితే "మా తాత చెప్పాడమ్మా" అంటాడు. అదలా ఉంచు, బొబ్బిలి సంగతి తీద్దాం. 1757 జనవరి 24. ఇక్కడి రాజు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకెళ్లి బొబ్బిలి కోట మీద పడ్డాడు. శత్రువు చేతికి చిక్కకూడదని లోపలున్న ఆడవాళ్లనీ పిల్లల్నీ సొంతవాళ్లే చంపుకున్నారు. తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని చంపాడు. దీన్ని మీ పెద్దాయన ఎలా చెబుతాడు? మన రాజుని దొంగచాటుగా పొడిచారని. అదే బొబ్బిలి వెళ్తే అది వీరగాథ!

మావయ్య: అయితే రెండూ విను.

మేనకోడలు: పక్షపాతం రెండుసార్లు వింటే చరిత్ర అయిపోతుందా?

మావయ్య: అవదు. కానీ ఆ పక్షపాతం కూడా ఈ ఊళ్లో చూడాల్సిందే. ఈ ఊరి అమ్మవారు పైడితల్లి ఎవరనుకున్నావు? ఆ విజయరామరాజు చెల్లెలే అంటారు ఇక్కడ. యుద్ధం వద్దందని, అన్న పోయాడని తెలిసి ప్రాణం విడిచిందని, విగ్రహం పెద్దచెరువులో దొరికిందని చెప్పుకుంటారు. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను అనే పొడవాటి మాను మీద పూజారి కూర్చుంటాడు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, జాలరివల... గెలిచిన ఊరు కదా ఇది? ఏటేటా తలుచుకుంటున్నది మాత్రం గెలుపుని కాదు. గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి దగ్గర్నుంచి కోటకి ఆ దారంట ఎరిగినవాడితో నడిస్తే ఇది బుర్రకెక్కుతుంది.

(ఇక్కడ మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. నిజానికి వాదం అక్కడే తెగిపోవాలి. కానీ ఆమెకి ఓడిపోవడం అలవాటు లేదు.)

మేనకోడలు: ఎంత చెప్పినా రాజులూ రాణులేనా?

మావయ్య: ఎవరన్నారు? 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. అక్కడ చదువుకుంటూ ఘంటసాల మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని, తిన్నది ఈ వీధుల్లోనే. ఆ కబుర్లు ఎత్తుకుంటే పెద్దాయన ఆగడు. గురజాడ ఇల్లు, కోట ముందు బొంకులదిబ్బ కూడా చూపిస్తాడు.

మేనకోడలు: బొంకులదిబ్బకి నేనొక్కదాన్నే వెళ్తా. "కన్యాశుల్కం" మొదలయ్యేదే అక్కడ. గిరీశం ఉండగా ఇంకో గైడెందుకు?

మావయ్య: (నవ్వుతూ) సరే, అది నీకు వదిలేశాను.

మేనకోడలు: ఇంతకీ ఆయన ఎంత తీసుకుంటాడు?

మావయ్య: పైసా తీసుకోడు. ఇస్తే కోప్పడతాడు.

మేనకోడలు: అదీ అసలు చిక్కు! డబ్బు తీసుకునేవాణ్ణయితే ఇది తప్పు అనొచ్చు, చాలు అనొచ్చు. ఉచితంగా చెప్పే పెద్దాయన్ని మధ్యలో ఎలా ఆపను?

మావయ్య: నువ్వు ఆపక్కర్లేదులే. వాళ్లావిడ కూడా వస్తానంది. ఆవిడ పుట్టిల్లు బొబ్బిలి.

మేనకోడలు: ముందే చెప్పొచ్చు కదా మావయ్యా! ఎన్నింటికి బయల్దేరమంటావు?