సైడ్ వన్, ఆవాలు, మా ఆయన

(న్యూజెర్సీలో మా ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం. హాల్లో ఆయన, వంటింట్లో నేను.)

మా ఆయన: ఆ చిటపట విన్నావా? అదీ వినైల్ రికార్డంటే! సీడీలో చచ్చినా రాదు.

నేను: అవి పోపులో ఆవాలండీ. మీ రికార్డు అయిపోయి రెండు నిమిషాలైంది, ప్లేటు ఊరికే తిరుగుతోంది, లేచి చూడండి.

(లేచారు. వెల్వెట్ బ్రష్‌తో రికార్డు తుడిచి మళ్ళీ మొదట్నుంచీ పెట్టారు. పిల్లాడికి స్నానం చేయించమన్న రోజుల్లో ఈ శ్రద్ధ ఎక్కడ దాచుకున్నారో.)

నేను: మళ్ళీ సైడ్ వన్నేనా? తిప్పి పెట్టండి, సైడ్ టూ అయితే శ్రుతిలో ఉంటుంది.

మా ఆయన: ఏంటీ? కైండ్ ఆఫ్ బ్లూ లాంటి జాజ్ రికార్డులో, ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ అపశ్రుతా? కళ్ళు పోతాయే!

నేను: ఆయనకేం, బంగారంలా వాయించాడు. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో రికార్డ్ చేస్తుంటే టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగిందంట, దాన్ని మామూలు స్పీడ్‌లో ప్లే చేస్తే ఏమవుద్ది, పాట పరిగెడుతుంది, శ్రుతి పైకెక్కుతుంది. ఆ రోజు వాయించిన మూడు పాటలూ సైడ్ వన్‌లోనే ఉన్నాయి. సైడ్ టూ ఏప్రిల్ 22న తీశారు, దానికే రోగం లేదు.

మా ఆయన: అదేం కాదు, టర్న్‌టేబుల్ బెల్ట్ వదులైందేమో.

నేను: వదులైతే స్లో అవ్వాలి కదండీ, స్పీడెందుకవుద్ది? పైగా సైడ్ టూకి మీరేమన్నా బెల్ట్ మారుస్తున్నారా? ఇదిగో, ఫోన్లో శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టా, చూడండి ముల్లు ఎలా కుడివైపుకి వాలిపోయిందో. శ్రుతిర్మాతా లయః పితా అన్నారు, మీ సైడ్ వన్‌లో అమ్మా లేదు నాన్నా లేడు.

మా ఆయన: విజయనగరంలో నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నావని జాజ్‌కి కూడా శ్రుతి పెట్టెలు మోసుకురాకు.

నేను: అందుకే పక్కన ఇంకో మెషీన్‌లో తీసిన టేపు వెతికి పట్టుకుని 1992లో సీడీకి సరిచేశారు. అయిదు డాలర్ల సీడీ అని నవ్వారే, నాది ఆ తర్వాత వచ్చిందే.

మా ఆయన: సీడీ అంటే సెకనుకి 44,100 ముక్కలే! సంగీతాన్ని ఉల్లిపాయ తరిగినట్టు తరుగుతారా ఎవరైనా?

నేను: సన్నగా తరిగితేనే కూరలో కలుస్తుంది. మీకు వంటింటి మొహం తెలిస్తే కదా.

మా ఆయన: రూడీ వాన్ గెల్డర్ వింటే ఏడుస్తాడు.

(ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఆ రికార్డింగ్ ఇంజనీరు మహానుభావుడి స్టూడియో ఉంది, కోల్‌ట్రేన్ జాజ్ ఆల్బమ్ ఎ లవ్ సుప్రీమ్ అక్కడే తీసింది. అటు వెళ్ళినప్పుడల్లా ఈయన కారాపి దండం పెడతారు, వెనక కార్లవాళ్ళ హారన్ మోత నేను పడాలి.)

నేను: ఎందుకేడుస్తాడు? డిజిటలే మేలని చెప్పిన మనిషాయన, తన పాత రికార్డింగులు తనే కూర్చుని సీడీలకి రీమాస్టర్ చేశాడు. దండం పెట్టినప్పుడు ఆ సంగతి కూడా కనుక్కోవాల్సింది.

(నిశ్శబ్దం. నా సీడీ తీసి పెట్టుకున్నారు. ఓ అయిదు నిమిషాలు.)

మా ఆయన: ఇదేంటే, నిద్రొస్తున్నట్టుంది.

నేను: ఇరవయ్యేళ్ళు పరిగెత్తించి విన్నారు మరి. పోనీ మీ టర్న్‌టేబుల్‌కి స్పీడు మార్చే పిచ్ నాబ్ ఉందిగా, కాస్త తగ్గించుకుని మీ నల్ల ప్లేటే వినండి.

మా ఆయన: నాబ్ ముట్టుకోవడమా? డీజేలు చేసే పని అది! ఛీ.

(రాత్రి పదకొండున్నర. మెలకువొచ్చి చూస్తే ఛార్జర్ వైరుంది, దాని చివర నా ఫోన్ లేదు. పక్కన మనిషీ లేడు. హాల్లో చిన్న లైటు, సౌండ్ బాగా తగ్గించి సైడ్ వన్.)

నేను: నా ఫోనేదండీ?

మా ఆయన: ష్... కదలకు, ముల్లు మధ్యకొస్తోంది.